ఐ.జి. గారి తుపాకీ

తుపాకులు పరీక్షించే ఉద్యోగం అని చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లలో సినిమా మొదలవుతుంది. రిటైరయ్యేదాకా ఆ సినిమాలో నాకు వేషం దొరకలేదు. నాకు దొరికిందల్లా ఒక టేబుల్ లైటు, భూతద్దం, మైక్రోస్కోపు, గుడ్డపేలికలు, చేతులకి కిరసనాయిలు వాసన. ఫోరెన్సిక్ ల్యాబులో ఆయుధాల విభాగం అంటే ఇంతే. స్టేషన్ వాళ్లు తాము పట్టుకున్న తుపాకీని మూటకట్టి లక్కసీలు వేసి పంపుతారు. అది ఏమిటి, ఎక్కడిది, పేలుతుందా, ఈమధ్య పేలిందా అన్నది మేం చెప్పాలి. మేం చెప్పినదాన్ని బట్టి ఎవరో ఒకరు ఇంటికో జైలుకో పోతారు.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఫోన్లు చేసి ఏం చదవమంటారు మేడం అని అడుగుతున్నారు. పుస్తకాలు ల్యాబులోనే ఉంటాయి. వాటిలో లేనివి రాస్తాను. నా ప్రమోషన్ల గురించి రాయను. వాటికి అడ్డుపడ్డవాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు, షుగరు, మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నారు, వాళ్లని ఇప్పుడు కదిలించడం దేనికి.

మూట అందుకోవడానికి నేను చెయ్యి చాపినప్పుడల్లా కొత్త కానిస్టేబుల్ నా భుజం మీంచి వెనక్కి చూసేవాడు.

"సార్ లేరా అమ్మా?"

"నేనే సార్‌ని, ఇటివ్వు నాయనా."

మీరూ ఈ మాట కంఠతా పట్టండి. రోజూ పనికొస్తుంది.

తుడవకండి

చిలకలూరిపేట హైవే మీద ఒక జిన్నింగు మిల్లు. రాత్రి దొంగలు పడితే వాచ్‌మన్ జోడుగొట్టాల తుపాకీతో కాల్చి తరిమేశాడని యజమాని ఫిర్యాదు. పేపర్లో వాచ్‌మన్ ఫోటో వేశారు, శాలువా కప్పారు. తుపాకీ నా దగ్గరికి వచ్చింది. గొట్టంలోకి పుల్ల దూర్చి లాగితే దూది వచ్చింది. ఇంకా లాగితే ఎలుక గూడు, అందులో కళ్లు తెరవని పిల్లలు. ఎలుక కాపురం పెట్టిన గొట్టంలోంచి తూటా ఎలా పోయిందో వాచ్‌మన్‌ని అడగండి అని రాశాను. శాలువా వెనక్కి తీసుకున్నారో లేదో తెలియదు.

ఈ కేసు సులువుగా తేలడానికి కారణం ఒక్కటే. ఆ తుపాకీని ఎవరూ తుడవలేదు. మన స్టేషన్లలో వస్తువుని శుభ్రంచేసి పంపడం మర్యాద అనుకుంటారు. ఒక హెడ్ కానిస్టేబుల్ నాటుతుపాకీని కొబ్బరినూనె రాసి తళతళలాడించి తెచ్చాడు. "మేడం గారి దగ్గరికి మురికితో పంపుతామా అండి" అన్నాడు. ఆ మురికి కోసమే నాకు జీతం ఇస్తున్నారని చెబితే వేళాకోళం చేస్తున్నాననుకున్నాడు. ఆ తుపాకీ ఎప్పుడు పేలిందో చెప్పడానికి నాకింక ఏమీ మిగల్లేదు.

వచ్చు

మా విభాగానికి చాలాకాలం పెద్దగా ఉన్నాయన చెడ్డవాడు కాడు. లంచం తీసుకోడు, గొంతు పెంచడు. సర్వీసు మొత్తంలో 'అవును' అని గానీ 'కాదు' అని గానీ ఒక్క కాగితం మీదా రాయలేదు. ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క మాట: వచ్చు. పేలవచ్చు, పేలకపోవచ్చు, ఇదే తూటా కావచ్చు.

ఒకసారి నాటుతుపాకీ ముక్క ఒకటి వచ్చింది. భుజానికి ఆనించే కొయ్య మడమ, ట్రిగ్గరు, అంతే. పేలదు అని రాసి తీసుకెళ్లాను.

"అంత గట్టిగా ఎందుకమ్మా? రేపు పేలిందనుకో?" అన్నారు.

"దీనికి గొట్టమే లేదు సార్."

"గొట్టం దొరకవచ్చు కదమ్మా."

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, పై నుంచి కింద దాకా అదే పద్ధతి. 'పేలదు' అన్నవాడు రేపు జవాబు చెప్పాలి. 'పేలవచ్చు' అన్నవాడిని ఎవరూ ఏమీ అడగరు. ఆ మాట వల్ల లోపల కూర్చున్నవాడు మాత్రం కూర్చునే ఉంటాడు, వాడు మా ఆఫీసుకి వచ్చి అడగలేడు కాబట్టి మాకు ఇబ్బంది లేదు.

అద్దంకి నుంచి వచ్చిన మూట

రిటైరవడానికి కొంచెం ముందు వచ్చిన కేసు ఇది.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలి. అద్దంకి దగ్గర ఒక ఊళ్లో ఈ సంగతి ఆటోకి మైకు కట్టి చెప్పారు. ఆ ఊళ్లో తుపాకులున్నది మోతుబరులకే. వాళ్లు కార్లలో వెళ్లి అప్పగించి, రసీదులు జేబులో పెట్టుకుని, టీ కొట్టు దగ్గర నలుగురికీ చూపించారు.

వీరాంజనేయులు అనే మిరప రైతు ఇది చూశాడు. సొంతం కొంచెం, కౌలు కొంచెం. కారు లేదు, లైసెన్సు లేదు. కానీ ఇంట్లో దేవుడి గూటి పక్కన ఒక తుపాకీ ఉంది. ముత్తాత యుద్ధానికి వెళ్లి జర్మనీ సిపాయిని కొట్టి లాక్కొచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఊళ్లో వాళ్ల ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ 'జర్మనీ వాళ్లు' అంటారు. శుభలేఖల్లో కూడా అలాగే వేయించుకుంటారట. ఏటా దసరాకి ఆయుధపూజలో మందుకొట్టే పంపు, కొడవళ్లు, పారలు, వాటి నడుమ ఈ తుపాకీ. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, గొట్టంలో పసుపు కలిపిన నువ్వులనూనె పోస్తారు. ముత్తాత దాహం తీరుతుందని నమ్మకం.

మోతుబరులకు రసీదులుండి జర్మనీ వాళ్లకు లేకపోతే ఎలా? పక్కింటివాడి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని, తుపాకీకి బంతిపూల దండ వేసి, వీరాంజనేయులు స్టేషన్‌కి వెళ్లాడు. బల్ల మీద పెట్టి, "రసీదు రాయండి సారూ" అన్నాడు. ఎఫ్.ఐ.ఆర్. రాశారు.

ఎన్నికల వేళ ఆయుధం దొరకడం స్టేషన్‌కి పండగ. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారు విలేకరుల్ని పిలిచారు. పిలిచాక చూస్తే తుపాకీ పసుపు ముద్దలా ఉంది, ఫోటోలో అది ఆయుధంలా పడదు. హోంగార్డుని పిలిచి తోమమన్నారు. అతను ఇంట్లో ఇత్తడి బిందెలు ఎలా తోముతారో అలాగే చింతపండు, ఇటుకపొడి పట్టించి తోమాడు. వెండిలా మెరిసింది. ఇనుము మీద సన్నగా కొట్టి ఉన్న ముద్రలు సగం అరిగిపోయాయి. లోతుగా కొట్టిన అక్షరాలు మాత్రం పైకి తేలాయి. అవి చూసి సర్కిల్ గారికి గుండె ఆగినంత పనైంది. అంతా కూడబలుక్కుని చదివితే: ఐ.జి. మోడ్. 71.

మర్నాడు నాకు ఫోన్.

"మేడం, ఇది పోలీస్ వెపన్. క్లియర్‌గా ఐ.జి. అని ఉంది. డెబ్బై ఒకటిలో ఐ.జి. గారి ఆఫీసు నుంచి పోయుంటది. మీరు కన్ఫర్మ్ చేస్తే చాలు."

"ఐ.జి. గారు తన హోదా తుపాకీ మీద కొట్టించుకుంటారా అండీ?"

"ఆ రోజుల్లో కొట్టించుకునేవాళ్లేమో మేడం."

"మరి మోడ్ అంటే ఏమిటి?"

ఫోన్ పక్కకి పెట్టి ఎవరినో అడిగారు. "మోడర్నైజేషన్ అయ్యుంటది మేడం."

ఇంకోవైపు ఒక యూట్యూబ్ ఛానెల్ వాడు అది రెండో ప్రపంచ యుద్ధం తుపాకీ అనీ, ఆ అరమీసం నియంత స్వయంగా పట్టుకున్నదనీ తేల్చేశాడు. దాంతో ఒకే తుపాకీ ఒకే వారంలో బెర్లిన్‌లోనూ, ఐ.జి. గారి ఆఫీసులోనూ ఉన్నట్టయింది. రెండుచోట్ల నుంచీ వీరాంజనేయులే ఎత్తుకొచ్చాడు. పోలీసు ఆయుధం దొంగతనం అన్న అనుమానం ఉంది కాబట్టి ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా బెయిలు లేదన్నారు. మొహానికి నల్లగుడ్డ కప్పి విలేకరుల ముందు నిలబెట్టిన ఫోటో ఊరందరి ఫోన్లలోకీ చేరింది. గుడ్డ కప్పితే మాత్రం జర్మనీ వాళ్లబ్బాయిని ఊరు గుర్తుపట్టదా?

ముగ్గులో అక్షరాలు

మూట విప్పిన రోజు నాకు సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, అలాంటి తుపాకీని అంతకుముందు బొమ్మల్లోనే చూశాను. వెనక్కి లాగి తూటా పెట్టే బోల్టు ఉన్న పొడవాటి సైనిక రైఫిల్. ఒకసారికి ఒకే తూటా. కాల్చినప్పుడల్లా పొగ కమ్మేసే పాత తుపాకీమందు కాలం నాటిది.

సర్కిల్ గారు చదివిన అక్షరాలు పాత జర్మన్ లిపిలో ఉన్నాయి. ఆ లిపి మెలికల ముగ్గులా ఉంటుంది, అలవాటు లేనివాళ్లకి ఏ చుక్క ఎక్కడ కలిసిందో తెలియదు. 'ఐ' అంటే ఇన్ఫాంటెరీ, కాల్బలం. 'జి' అంటే గెవేర్, తుపాకీ. మోడ్ అంటే మోడల్. 71 అంటే పద్దెనిమిది వందల డెబ్బై ఒకటి. మొత్తం కలిపితే 'కాల్బలం తుపాకీ, డెబ్బై ఒకటో సంవత్సరపు రకం'. మన ఐ.జి. గార్లకి దాంతో ఏ సంబంధమూ లేదు. అరమీసం నియంత అప్పటికి పుట్టనే లేదు.

గొట్టం మొదట్లో కిరీటం ముద్ర, పక్కన అంబెర్గ్ అని అది తయారైన ఊరి పేరు. అసలు జర్మనీ దేశస్థులకి ఒక పిచ్చి ఉంది, తుపాకీ నెంబరుని ప్రతి భాగం మీదా కొడతారు, ఆఖరికి మరమేకుల మీద కూడా. నెంబర్లన్నీ కలిస్తే తుపాకీ పుట్టినప్పటి తుపాకీయే. ఇక్కడ గొట్టం నెంబరు ఒకటి, బోల్టు నెంబరు ఇంకొకటి. అంటే ఎక్కడో ఎవరో రెండు మూడు పాత తుపాకుల్ని కలిపి ఒకటి చేశారు. గొట్టాన్ని కొయ్యకి బిగించే పట్టీ మీద ఏ రెజిమెంటు, ఏ కంపెనీ అన్న ముద్ర ఉండాలి. దాన్ని చింతపండు తినేసింది. భూతద్దం కింద పక్కనుంచి లైటు వేస్తే ఒక గీత కనబడింది. రెజిమెంటు వదిలేసిన తుపాకీల మీద పాత ముద్రని అలా గీత పెట్టి కొట్టేస్తారు.

ఇవన్నీ చరిత్ర. కోర్టుకు కావలసింది వేరు. వాడుకపోయిన పాతకాలపు రకమైనా, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్నా, ఆ ఆయుధానికి ఆయుధాల చట్టం వర్తించదు. ఇది చట్టంలోనే ఉంది. ఈ తుపాకీ రెండు రకాలుగానూ బయటపడుతుంది. బోల్టులో తూటాని పొడిచే పిన్ను లేదు. గొట్టంలో తీగ దూరిస్తే జానెడు దూరంలో ఆగిపోయింది. ఏళ్ల తరబడి పోసిన నూనె, పసుపు లోపల గట్టిపడి రాయిలా అయ్యాయి. వాటి వెనక గొట్టం తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడుతోంది. ముత్తాత దాహం సంగతి నాకు తెలియదు గానీ తుపాకీ మాత్రం నిండిపోయింది.

ఆ సాయంత్రమే 'పేలదు, పేలేట్టు చేయడం కుదరదు' అని రాసి మా 'వచ్చు' పెద్దాయనకి ఇచ్చాను.

"ఐ.జి. కాదు అంటున్నావేమిటమ్మా?" అన్నారు. ఆయన మొహంలో నిజంగానే భయం కనబడింది. "పైవాళ్లకు సంబంధించిన విషయం. ఐ.జి. గారిని కాదంటామా?"

"ఐ.జి. గారిని కాదనట్లేదు సార్. తుపాకీ మీది అక్షరాలు ఆయనవి కాదంటున్నాను."

"ఆయనవి కూడా కావచ్చు కదా. వారి అభిప్రాయం అడుగుదాం."

అడిగారు. పై ఆఫీసు వాళ్లు దాన్ని ఇంకో ఆఫీసుకి పంపారు. పద్దెనిమిది వందల డెబ్బై ఒకటిలో ఐ.జి. గారు ఎవరో కనుక్కునే పని మొదలైంది. నేను వారానికోసారి గుర్తుచేశాను, తర్వాత రోజూ గుర్తుచేశాను. ఆఖరికి ఆయన గదిలోకి వెళ్తుంటే అటెండరు నన్ను చూసి నవ్వేవాడు.

గేటు దగ్గర

ఆ మధ్యలో ఒకరోజు ల్యాబు గేటు బయట ఒకావిడ నిలబడి ఉంది. వీరాంజనేయులు భార్య, నాగమణి. కేసులో వాళ్లతో మేం మాట్లాడకూడదు. ఆ మాటే చెప్పాను.

"మీరు మాట్లాడొద్దులే అండి, నేనే మాట్లాడతా" అంది. "కాయ కల్లంలో ఉంది. మబ్బు పడతంది. పోలీసు కేసున్న కొంపకి ఎందుకులే అని కూలోళ్లు రావట్లా. పట్టలు కప్పటానికి నేను ఒక్కదాన్నే. ఆ తుపాకీ పేలేది గాదండి. మా అత్తగారు దాంతో పిల్లుల్ని అదిలించేది. ఆయనకి చెప్తే వినడు."

చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుంది. మిరపకాయలు ఏరిన చేతులు, మంట పుడుతుంటాయి. లోపలికి వెళ్లి పెద్దాయనతో మొదటిసారి గట్టిగా దెబ్బలాడాను.

వాన వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు రిపోర్టు కూడా వెళ్లింది. నా రిపోర్టు మార్చడానికి నేను ఒప్పుకోలేదు కాబట్టి, ఆయన దాని మీద ఒక లెటరు జతచేశారు: తగు మరమ్మతులు చేసినచో పేలవచ్చును.

అద్దంకి కోర్టు

మెజిస్ట్రేట్ గారికి రెండూ చదివి తిక్కరేగింది. నన్ను రమ్మన్నారు.

"లోపలి కాగితం పేలదంటోంది. పైకాగితం పేలవచ్చంటోంది. మీ ల్యాబుకి వెళ్లిన తుపాకీ ఒకటా, రెండా?"

"ఒకటేనండి. పరీక్షించింది నేను. పేలదు."

ప్రాసిక్యూటర్ గారు లేచి ఐ.జి. సంగతి ఎత్తారు. నేను అక్షరం అక్షరం విప్పి చెప్పాను. 71 అంటే మన డెబ్బై ఒకటి కాదనీ, దానికి నూరేళ్ల ముందుదనీ చెప్పేసరికి వెనక కూర్చున్న సర్కిల్ గారు ఫోన్ చూసుకోవడం మొదలెట్టారు. తీగ తెప్పించి గొట్టంలో దూర్చి చూపించాను. అంతటితో అయిపోవాలి. వీరాంజనేయులు నోరుమూసుకుని నిలబడితే చాలు, సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.

అతను చేతులు జోడించి ముందుకు వచ్చాడు.

"అయ్యా, ఆ మేడం గారికి తెలవదండి. అది పేలుద్ది. మా ముత్తాత దాంతోనే జర్మనోళ్లని కొట్టాడు. ఏడాదికోసారి నూనె పెడతన్నాం. పేలకపోటం ఏందండి?"

"ఏమయ్యా, నోరు మూసుకుంటావా మూసుకోవా?" అని వెనకనుంచి నాగమణి.

కోర్టంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాన తినేసిన పంట, లోపల కూర్చున్న నెలలు, ఇవన్నీ పోయినా ముత్తాత తుపాకీ పేలదంటే మాత్రం అతను ఒప్పుకోడు. జాలి వేసింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. మెజిస్ట్రేట్ గారు పెద్దమనిషి, విననట్టు ఊరుకున్నారు. నన్ను ఇంకొకటే అడిగారు: మరి ఇది ఈ ప్రాంతానికి ఎలా వచ్చింది?

తెలియదన్నాను. ఎక్కడ పుట్టిందో ముద్రలు చెబుతున్నాయి, సైన్యం దాన్ని ఎప్పుడో వదిలేసిందనీ చెబుతున్నాయి. అక్కణ్ణుంచి అద్దంకి ఎలా చేరిందో చెప్పే ముద్ర దాని మీద ఒక్కటీ లేదు. యుద్ధం నుంచి తెచ్చి ఉండవచ్చు అని ఒక్క ముక్క అంటే అతని మనసు కుదుటపడేది. 'వచ్చు' అనడానికి నా నోరు రాలేదు. ఆ మాట చేసిన పని అప్పటికే చూసి ఉన్నాను.

అతన్ని వదిలేశారు. పాతవస్తువు కాబట్టి తుపాకీని తీసుకెళ్లవచ్చన్నారు. కోర్టు ఆవరణలో దాన్ని తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. దణ్ణం పెడతాడనుకున్నాను.

"నన్ను బయటికి తెచ్చారు మేడం. మా ముత్తాతని లోపలేశారు" అన్నాడు.

నాగమణి అతన్ని పక్కకి నెట్టి ముందుకొచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు. ధర అడిగినట్టు మామూలుగా అడిగింది.

"ఒక్కటి చెప్పండమ్మా. అది పేలదని మీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పవచ్చు. పరీక్షలు చాలా ఉంటాయమ్మా, టైము పడుతుంది అనవచ్చు. మా ఆఫీసులో అందరూ అదే చెబుతారు.

"మూట విప్పిన రోజే" అన్నాను.

ఆమె భర్త వైపు తిరిగింది.

"విన్నావా? మొదటి రోజే తెలిసిందంట. పద, బస్సెళ్లిపోద్ది."